పరుగు తగ్గినప్పుడు పల్స్ ఎటు పోతోంది?

పోలీసు, ఆర్మీ ఉద్యోగాలకు నోటిఫికేషన్ వస్తుందన్న మాట వినపడితే చాలు, హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో తెల్లవారకముందే జనం దిగుతారు. తెలంగాణ పోలీసు 2022 నోటిఫికేషన్ లెక్క ప్రకారం కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో, అంటే దేహదారుఢ్య పరీక్షల్లో, మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. అగ్నివీర్‌కైతే అదే 1600 మీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో కొడితేనే పూర్తి మార్కులు. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద ఒక్కో రౌండ్‌కు దాదాపు 82 సెకన్లు. ఇంత బిగువైన లెక్కలో పది, పదిహేను సెకన్లు జారితే ఉద్యోగమే చేజారినట్టు. అందుకే ఈ గ్రౌండ్లలో అందరినీ టెన్షన్ పెట్టే ఫిర్యాదు ఒకటుంది. ప్రాక్టీస్ ఆగలేదు, దెబ్బ తగల్లేదు, తిండి మానలేదు, అయినా మూడు వారాలుగా టైమింగ్ పడిపోతోంది. రెండో రౌండ్‌కే దమ్ము (ఆయాసం) వస్తోంది. చేతికి వాచీ ఉన్నవాళ్లకు ఇంకో కంగారు: చలికాలంలో 150 దగ్గర ఉన్న పల్స్ అదే స్పీడ్‌కు ఇప్పుడు 170 చూపిస్తోంది.

దీనికి సీనియర్లు చెప్పే మందు ఒక్కటే, ఇంకో రెండు రౌండ్లు ఎక్కువ కొట్టమని. బద్ధకం వల్ల వెనకబడ్డవాడికి అది పనిచేస్తుంది. రోజూ ఠంచనుగా గ్రౌండ్‌కు వచ్చేవాడి టైమింగ్ పడిపోయిందంటే మాత్రం ఆ సలహా ఎక్కువసార్లు నష్టమే చేస్తుంది. అసలు కారణం వెతకడానికి ముందు ఒక ప్రశ్న తేల్చుకోవాలి. వేగం తగ్గినప్పుడు పల్స్ పెరిగిందా, లేక పెరగాల్సినంత పెరగకుండా ఆగిపోయిందా? ఈ రెండూ వేర్వేరు జబ్బులు, వేర్వేరు దారులు. చాలామంది వాచీలో పెద్ద అంకె కనిపిస్తే భయపడతారు, చిన్న అంకె కనిపిస్తే ఫిట్‌నెస్ పెరిగిందని సంబరపడతారు. రెండు అంచనాలూ తప్పే కావచ్చు.

ముందు వాచీ సంగతి

మణికట్టు వాచీ చర్మం లోపలికి పచ్చని వెలుగు పంపి, రక్తం కదలికను బట్టి పల్స్ లెక్కగడుతుంది. పరిగెత్తేటప్పుడు చెయ్యి ఊగుతుంది, బెల్టు వదులవుతుంది, చెమట పడుతుంది. అప్పుడు అది గుండెను వదిలేసి అడుగుల లయను పట్టుకుంటుంది. నిమిషానికి 160 నుంచి 180 అడుగులు వేయడం మామూలే కాబట్టి ఆ తప్పు అంకె కూడా నిజం పల్స్‌లాగే కనిపిస్తుంది. నెమ్మదిగా జాగింగ్ మొదలుపెట్టిన రెండో నిమిషంలోనే 172 దగ్గర గీత గీసినట్టు నిలబడిపోతే ముందు వాచీనే అనుమానించాలి. ఆగిన వెంటనే మెడ పక్కన గానీ, బొటనవేలి కింద మణికట్టు మీద గానీ రెండు వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే నిజం తెలిసిపోతుంది. ఛాతీకి కట్టుకునే బెల్టు ఉంటే ఇంకా నయం.

దూరం కూడా అలాగే మోసం చేస్తుంది. 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన స్టేడియం సింథటిక్ ట్రాక్ మీద వచ్చిన టైమింగ్, వాన పడ్డ మట్టి గ్రౌండ్‌లో రాదు. ఊళ్లో ఫోన్ యాప్ చూపించే 1600 మీటర్లు నిజానికి 1550 కావచ్చు, 1680 కావచ్చు. పోల్చడమంటూ చేస్తే ఒకే ట్రాక్, ఒకే వేళ, ఒకే షూ, ఒకే స్పీడ్ ఉండాలి. రెండు వారాలకోసారి అలా అరగంట తేలిక పరుగు పెట్టి, మొదటి పావుగంట పల్స్‌ను, రెండో పావుగంట పల్స్‌ను రాసిపెట్టుకుంటే అంతకంటే మంచి పరీక్ష గ్రౌండ్‌లో లేదు.

220 నుంచి వయసు తీసేస్తే గరిష్ఠ పల్స్ వస్తుందన్న సూత్రం గురించీ ఒక మాట. అది సగటు మాత్రమే. ఒకే వయసున్న ఇద్దరి మధ్య పది, పన్నెండు తేడా ఉండటం సర్వసాధారణం. 22 ఏళ్ల కుర్రాడికి 205 వచ్చినంత మాత్రాన గుండె పాడైనట్టు కాదు.

ఎండ చేసే పని

కండరానికి నిమిషానికి అందే ఆక్సిజన్ మూడు అంకెల గుణకారం: గుండె ఎన్నిసార్లు కొట్టింది, ఒక్కో దెబ్బకు ఎంత రక్తం పంపింది, ఆ రక్తంలో కండరం వాడుకోగల ఆక్సిజన్ ఎంత ఉంది. స్పీడ్ మారనప్పుడు కావలసిన ఆక్సిజన్ కూడా మారదు. మిగతా రెండింటిలో ఏది తగ్గినా ఆ లోటును గుండె వేగమే భర్తీ చేయాలి. పల్స్ పెరగడమంటే గుండె బలహీనపడిందని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు గుండె బాగానే ఉంటుంది, ఇంకెవరి పనో దాని మీద పడింది అంతే.

వరంగల్లో జనవరి తెల్లవారుజామున 16, 17 డిగ్రీలుంటే, మే నెలలో అదే వేళకు 28 దాకా ఉంటుంది. రామగుండం, మంచిర్యాల వైపు వేడి ఇంకా ఎక్కువే. శరీరం చల్లబడాలంటే రక్తాన్ని చర్మానికి పంపాలి, చెమట పోయాలి. చెమటగా పోయేది రక్తంలోని నీళ్లే కాబట్టి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, ఒక్కో దెబ్బకు పంపేదీ తగ్గుతుంది. శరీర ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే పల్స్ దాదాపు పది పెరుగుతుంది. అందుకే ఏప్రిల్‌లో టైమింగ్ పడిపోయిందని బాధపడేవాళ్లలో చాలామందికి ఏ జబ్బూ ఉండదు. వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఈలోగా ప్లాస్మా, అంటే రక్తంలోని నీళ్ల భాగం, పెరుగుతుంది, చెమట తొందరగా మొదలవుతుంది, పల్స్ దిగుతుంది. జూన్, జులైలో ఉక్కపోత వేరే ఇబ్బంది. తెల్లవారుజామున గాలిలో తేమ రోజు మొత్తంలోకెల్లా ఎక్కువ. చెమట కారుతుంది గానీ ఆరదు. చల్లగానే ఉంది కదా అని పరుగు తీసినా పల్స్ ఎక్కేస్తుంది.

వేడి వల్ల వచ్చిన మార్పును గుర్తుపట్టడం తేలికే. మొదటి పది నిమిషాలు పల్స్ మామూలుగా ఉండి, ఆ తర్వాత మెల్లగా ఎక్కుతుంది. చల్లని రోజున తగ్గుతుంది. మొదటి రౌండ్ నుంచే ఎక్కువగా ఉండి, వాతావరణం చల్లబడినా దిగకపోతే కారణం రక్తంలో వెతకాలి.

రక్తం దగ్గరికి వస్తే

ఉత్తర తెలంగాణలో కారణం తెలియకుండా తగ్గిన పరుగుకు చేయించాల్సిన మొదటి పరీక్ష సీబీపీ (హిమోగ్లోబిన్, రక్తకణాల లెక్క), దాంతోపాటు ఫెరిటిన్ (ఇనుము నిల్వల లెక్క). ఈసీజీ కంటే ముందు ఇవి. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి 800 మీటర్లు ప్రాక్టీస్ చేసే అమ్మాయిలూ ఆ వయసువాళ్లే. వాళ్లలో చాలామందికి తక్కువ రక్తంతో తిరగడం ఎంత అలవాటైపోయిందంటే, మెట్లెక్కితే వచ్చే ఆయాసాన్ని కూడా మామూలే అనుకుంటారు. పరుగు మొదలుపెట్టాకే అది బయటపడుతుంది.

లెక్క చూడండి. ఒక గ్రాము హిమోగ్లోబిన్ దాదాపు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. హిమోగ్లోబిన్ 14 ఉంటే వంద మిల్లీలీటర్ల రక్తం 18.8 మిల్లీలీటర్ల ఆక్సిజన్ తీసుకెళ్తుంది. 11 ఉంటే 14.7 మాత్రమే. ట్రాలీ నిండా పోయాల్సిన వడ్లు ముప్పావు వరకే పోస్తే మిల్లుకు ట్రిప్పులు పెంచక తప్పదు. తేలిక జాగింగ్‌లో గుండె ఆ ట్రిప్పులు పెంచి నెట్టుకొస్తుంది, వాచీలో అదే 170గా కనిపిస్తుంది. 1600 మీటర్ల చివరి రౌండ్‌లో మాత్రం గుండె అప్పటికే గరిష్ఠ వేగంలో ఉంటుంది, పెంచడానికి ఇంకేమీ మిగలదు. అక్కడే టైమింగ్ పడిపోతుంది.

హిమోగ్లోబిన్ మగవాళ్లలో 13, గర్భం లేని మహిళల్లో 12 కంటే తక్కువైతే రక్తహీనత అంటారు. ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచుకున్న ఇనుము ఎంతో చెప్పే అంకె. అది ముందు ఖాళీ అవుతుంది, హిమోగ్లోబిన్ ఆ తర్వాత పడుతుంది. అందుకే హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి బాగానే ఉందని పంపించేస్తే, పరుగు ఎందుకు తగ్గిందో తేలకుండానే ఉండిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లకు ఫెరిటిన్ లీటరుకు 15 మైక్రోగ్రాముల లోపు ఉంటే ఇనుము లోపమే. పరిగెత్తేవాళ్లకు 30 దాటాలని క్రీడా వైద్యులు చూస్తారు.

ఇనుము ఎక్కడికి పోతోందన్నది ఇంకో లెక్క. మనిషి తిండి నుంచి రోజుకు ఒంటికి పట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. మిల్లీలీటరు రక్తం పోతే అర మిల్లీగ్రాము దాకా ఇనుము పోతుంది. నెలసరిలో 80 మిల్లీలీటర్లకు మించి రక్తం పోయేవాళ్లు నెలకు 40 మిల్లీగ్రాములు పోగొట్టుకుంటున్నట్టే. మగపిల్లల దగ్గర వైద్యులు కూడా అడగడం మర్చిపోయే ప్రశ్న ఒకటుంది: ఈమధ్య రక్తం ఇచ్చావా? మన దగ్గర నాయకుల పుట్టినరోజులకు రక్తదాన శిబిరాలు పెట్టడం ఆనవాయితీ. రక్తదానం మంచి పనే. కానీ 350 మిల్లీలీటర్లు ఇస్తే సుమారు 160 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. నీళ్ల భాగం ఒకటి రెండు రోజుల్లో పూడుతుంది, ఎర్ర రక్తకణాలకు నెలన్నర, రెండు నెలలు పడుతుంది, ఇనుము నిల్వలకు ఇంకా ఎక్కువ. ఇచ్చిన మర్నాడు బాగానే ఉన్నాను కదా అని నెల తర్వాత తగ్గిన పరుగును దానితో ఎవరూ ముడిపెట్టరు. ఈవెంట్స్‌కు మూడు నెలల్లోపు ఉన్నవాళ్లు రక్తం ఇవ్వడం వాయిదా వేసుకోవడమే మేలు.

వట్టి కాళ్లతో పొలాల్లో తిరిగేవాళ్లకు కొంకి పురుగులు పేగుల్లో చేరి రోజూ కాస్త కాస్త రక్తం తాగుతాయి. అన్నం తిన్న వెంటనే తాగే టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గంట, రెండు గంటలు ఆగి తాగితే అంత నష్టం ఉండదు. పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే ఎంతో కొంత మేలు. లివర్ తినేవాళ్లకు అంతకంటే మంచి దారి లేదు. కానీ ఫెరిటిన్ 8 దగ్గర ఉన్న అమ్మాయికి బెల్లం, ఖర్జూరాలు తినమని చెప్పి పంపిస్తే ఆమె కాలాన్ని వృథా చేసినట్టే. అక్కడ బిళ్లలే కావాలి. పరీక్ష లేకుండా ఎవరికి వాళ్లు ఇనుము బిళ్లలు మింగడమూ తప్పే. పుట్టుకతో తలసేమియా జన్యువు మోసేవాళ్లకు రక్తకణాలు చిన్నగా ఉంటాయి, సీబీపీలో ఇనుము లోపంలాగే కనిపిస్తుంది, ఇనుము నిల్వలు మాత్రం బాగానే ఉంటాయి. ఫెరిటిన్ చూడకుండా మందు మొదలుపెట్టకూడదనేది ఇందుకే.

ఇంకో మెలిక. ఒంట్లో జ్వరం, వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ తనంతట తాను పెరుగుతుంది. డెంగీలో అయితే విపరీతంగా పెరుగుతుంది. జ్వరం తగ్గిన వారానికే పరీక్ష చేయించి నిండుగా ఉందనుకుంటే పొరపాటు. మూడు నాలుగు వారాలు ఆగాలి.

జ్వరాలు వెళ్లాక

వానాకాలంలో వైరల్ జ్వరాలు, డెంగీ, టైఫాయిడ్ వరస కడతాయి. మంచం మీద రెండు వారాలుంటే చాలు, ప్లాస్మా తగ్గిపోయి అదే స్పీడ్‌కు పల్స్ పెరుగుతుంది. అందులో వింతేమీ లేదు, తిరిగి పరిగెత్తడం మొదలుపెడితే సర్దుకుంటుంది. సర్దుకోని మూడు సందర్భాలున్నాయి. ఒకటి, వైరస్ గుండె కండరాన్ని తాకడం. కొత్తగా ఛాతీ నొప్పి, పడుకున్నప్పుడూ దడ, కొంచెం నడిస్తే ఆయాసం ఉంటే పరుగు మాట పక్కనపెట్టి ఈసీజీ, టూడీ ఎకో (గుండె స్కానింగ్) చేయించాలి. గుండె కండరం వాచిందని తేలితే సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పోటీ పరుగు మానేయమంటారు, అందులో బేరం లేదు. రెండోది కొవిడ్ తర్వాత బాగా తెలిసొచ్చింది: నిలబడితే చాలు పల్స్ ఎగబాకడం. ఐదు నిమిషాలు పడుకుని లెక్కపెట్టి, లేచి నిలబడి పది నిమిషాలు చూడాలి. 30 అంతకంటే ఎక్కువ పెరిగి అలాగే ఉంటే, ఆ పరీక్షను ఇంకో రెండు రోజులు చేసి వైద్యుడికి చూపించాలి. పంతొమ్మిదేళ్ల లోపువాళ్లకు ఆ గీత 40. మూడోది క్షయ. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడటం, బరువు తగ్గడం, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే ప్రాక్టీస్ వల్ల సన్నబడ్డానని మురిసిపోవద్దు.

పల్స్ పెరగనప్పుడు

ఇక రెండో దారి. గట్టిగా కొడితే 190 చేరే పల్స్ ఇప్పుడు 175 దగ్గరే ఆగిపోతుంది. దమ్ము రాకముందే కాళ్లు మొద్దుబారతాయి. వాచీ చూస్తే ఫిట్‌నెస్ పెరిగినట్టే ఉంటుంది. తేడా టైమింగ్‌లో తెలుస్తుంది. అదే వేగానికి పల్స్ తగ్గితే అది మెరుగుదలే. వేగమూ పల్సూ రెండూ కలిసి పడిపోతే శరీరం అలసిపోయి గుండెను పైకి పోనివ్వడం లేదని అర్థం. ఎక్కువ రౌండ్లు కొట్టమన్న సలహా నిండా ముంచేది ఇక్కడే.

అలసట అంటే గ్రౌండ్‌లో కొట్టిన కిలోమీటర్లు మాత్రమే అనుకుంటే లెక్క తేలదు. పొద్దున 1600 కొట్టి పగలంతా పత్తి తీయడానికి పోయిన మనిషికి, ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసినవాడికి, సింగరేణిలో నైట్ షిఫ్ట్ దిగి నేరుగా గ్రౌండ్‌కు వచ్చినవాడికి డైరీలో రాసుకునేది పరుగు ఒక్కటే. శరీరం మొత్తం పనినీ లెక్కవేసుకుంటుంది. హాస్టల్ తిండి మీద రోజుకు రెండు పూటలు ప్రాక్టీస్ చేసేవాళ్లదీ ఇదే కథ. అయ్యప్ప దీక్షలో 41 రోజులు ఒంటిపూట భిక్ష, కటిక నేల మీద నిద్ర, నాలుగింటికి చన్నీళ్ల స్నానం, వీటితో పాటు పాత షెడ్యూలూ అలాగే నడిపిస్తే డిసెంబరు నాటికి కాళ్లు కదలకపోవడంలో మిస్టరీ లేదు. దీక్ష మానమని కాదు, ఆ మండలం రోజులు రౌండ్లు సగానికి తగ్గించుకుంటే సరిపోతుంది. తిండి చాలక నెలసరి ఆగిపోయిన అమ్మాయిల విషయం ఇంకా తీవ్రం. అది ప్రాక్టీస్ బాగా జరుగుతోందనడానికి గుర్తని కొందరు కోచ్‌లు ఇప్పటికీ అంటారు. ఎముకలు పలచబడుతున్నాయనడానికి గుర్తది.

మామూలు అలసటైతే వారం, రెండు వారాల విశ్రాంతితో తగ్గుతుంది, టైమింగ్ ఒక్కోసారి పాతదానికంటే మెరుగ్గా వస్తుంది. విశ్రాంతి తర్వాతా రాకపోతే నెలల వ్యవహారం.

పల్స్‌ను పట్టి ఆపేవి ఇంకొన్ని ఉన్నాయి. తలనొప్పికో, చేతుల వణుకుకో, బీపీకో వాడే ప్రొప్రనలాల్, మెటోప్రొలాల్ లాంటి మందులు గుండెను ఎంత పరిగెత్తినా పైకి పోనివ్వవు. ఆస్తమా ఇన్‌హేలర్ దానికి వ్యతిరేకం, పల్స్ పెంచుతుంది. థైరాయిడ్ తక్కువైతే పల్స్ నెమ్మదిస్తుంది, ఒళ్లు బరువెక్కుతుంది. ఎక్కువైతే కూర్చున్నా 100 దాటుతుంది, చేతులు వణుకుతాయి, తింటున్నా బరువు తగ్గుతుంది. ఒక్క టీఎస్‌హెచ్ పరీక్షతో అది తేలిపోతుంది. సీబీపీ, థైరాయిడ్ పరీక్షలు రెండూ ప్రభుత్వ తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ద్వారా ఉచితంగానే చేస్తారు.

ఆగి చూడాల్సినవి

పైన చెప్పినవన్నీ మెల్లగా వచ్చే మార్పులు. మెల్లగా రానిది, అంటే 150లో పోతున్న పల్స్ స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా 200 దాటి, కాసేపటికి అంతే హఠాత్తుగా దిగిపోతే అది గుండెలోని కరెంటు సమస్య కావచ్చు. పరిగెత్తుతూ స్పృహ తప్పడం, ఛాతీ పట్టేయడం, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉండటం, వీటిలో ఏ ఒక్కటున్నా గుండె వైద్యుడిని కలిసేదాకా పరిగెత్తకూడదు. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్నవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఇరవై ఏళ్ల అమ్మాయికి వచ్చే ఆయాసానికి టూడీ ఎకోలో మిట్రల్ కవాటం బిగుసుకుపోయి కనిపించడం అరుదేమీ కాదు.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గోండు తదితర ఆదివాసీ కుటుంబాల పిల్లలను పరిగెత్తించేవాళ్లు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) సంగతి తెలుసుకుని ఉండాలి. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద స్క్రీనింగ్ చేసి కార్డులు ఇస్తున్నారు. జబ్బు లేకుండా జన్యువు ఒక్కటే ఉన్నవాళ్లు మామూలుగానే పరిగెత్తగలరు. కానీ ఎండలో, నీళ్లు తాగకుండా, మధ్యలో గ్యాప్ లేకుండా వరసగా స్ప్రింట్లు కొట్టిస్తే కండరాలు దెబ్బతిని కుప్పకూలే ప్రమాదం ఉంది. మామూలు పట్టేయడంలో కండరం రాయిలా గట్టిపడుతుంది. ఇందులో మెత్తగానే ఉంటుంది, కాళ్లలో బలం మాత్రం పోతుంది. చూసేవాళ్లకు నాటకం ఆడుతున్నట్టు కనిపిస్తుంది. ఆ క్షణంలో లేచి పరిగెత్తమని అరవడం ప్రాణం మీదికి తెస్తుంది. నీడకు చేర్చి, నీళ్లు పట్టి, 108కు ఫోన్ చేయాలి.

ఎక్కువమందికి తేలేది మాత్రం ఇనుము లోపమే. బిళ్లలు మొదలుపెట్టిన వారానికి ఎముక మజ్జలో కొత్త కణాల తయారీ ఊపందుకుంటుంది. నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ ఒకటి రెండు గ్రాములు పెరుగుతుంది, జాగింగ్‌లో పల్స్ దిగడం అప్పుడే కనిపిస్తుంది. నిల్వలు నిండాలంటే మూడు నెలలు వాడాలి. టైమింగ్ వచ్చేసిందని నెలకే మానేసినవాళ్లు మళ్లీ అదే గుంటలో పడతారు. నోటిఫికేషన్ వచ్చాక ప్రిలిమ్స్ దాటి ఈవెంట్స్ తేదీ వచ్చేలోపు సాధారణంగా కొన్ని నెలల టైమ్ ఉంటుంది. దరఖాస్తు చేసిన వారంలోనే సీబీపీ, ఫెరిటిన్ చేయించుకున్న అమ్మాయికి ఆ టైమ్ సరిపోతుంది. హాల్‌టికెట్ చేతికొచ్చాక చేయించుకుంటే అందులో ఏం తేలినా ఆ ఏడాది ఈవెంట్స్‌కు అక్కరకు రాదు.